రెండు పోర్షన్ల కంప్యూటరు

నౌరీన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం, పరాయివాళ్ళది ఏదైనా తన చేతుల మీదుగా తుడిచిపెట్టుకుపోవడం. తొమ్మిదో తరగతిలో చదువు మానేసినదానికి కంప్యూటరెందుకని ఎవరో ఒకరు అంటారని ఆమె రోజూ ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇప్పుడు అంగట్లో కంప్యూటరు నీలం తెర ముందు కూర్చుని, మీట మీద వేలుంచి నొక్కలేకపోతోంది. నాలుగేళ్ళ కూతురు హబీబాను అంగన్‌వాడీలో దింపేటప్పుడు నీళ్ళసీసా ఇచ్చానా లేదా అన్న దిగులు మధ్యలో ఇంకొకటి.

పక్కన స్టూలు మీద ఖాదర్ బాషా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, అవి తొందరపడి మీటల మీదికి పోకుండా. బక్కపలచని మనిషి. కుడి బొటనవేలికి సగం గోరే ఉంటుంది. చిత్తూరు బజారులో సుకుమార్ స్టీలు సామాన్ల అంగట్లో ముప్పయ్యొక్క ఏళ్ళుగా గిన్నెల మీద పేర్లు చెక్కుతున్నాడు. మొదట ఉలితో, తర్వాత కంప్యూటరుకు కలిపిన ఈ చెక్కుడు యంత్రంతో. భార్య పోయింది, చూపు మందగించింది. ఈ మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు ఐరాలలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఇక రాడు.

ఆ యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేరు పాత విండోస్‌లో తప్ప పలకదు. అంగడి బిల్లులు కొత్త విండోస్‌లో ఉంటాయి. రెంటినీ ఒకే కంప్యూటర్లో పెట్టింది బాషానే. రెండు పోర్షన్ల ఇల్లు, వీధివాకిలి మాత్రం ఒకటే అని నౌరీన్‌కు మొదటిరోజే చెప్పాడు. నిన్న పాత పోర్షను తెరుచుకోలేదు. నౌరీన్ తన చేత్తో దాన్ని మళ్ళీ ఎక్కించగలిగితే యంత్రమూ ఉంటుంది, ఆమె కొలువూ ఉంటుందని, లేకుంటే యంత్రాన్ని పాత ఇనుముకు వేసేస్తానని అంగడి యజమాని సుకుమార్ చెప్పేశాడు. కూతురి సీమంతానికి పంచడానికి మునిలక్ష్మి అనే ఆవిడ కొన్న నూరు గిన్నెలు మూలన ఉన్నాయి. సాయంత్రానికి కావాలి. పేరు లేని గిన్నె పంచితే ఎవరిచ్చారో ఎవరికి గుర్తుంటుందని ఆవిడ ముందే తేల్చింది.

పాత విండోస్ డిస్కు పెడితే, ఏ గదిని తుడిచి ఎక్కించాలని అడుగుతూ తెర మీద రెండు వరుసలు వచ్చాయి. ఒకటి సి, ఒకటి డి. నౌరీన్ నోటుబుక్కులో ‘డి పాతది’ అని రాసుకుని ఉంది. డి మీదికి పోయింది.

“అక్షరం సూడొద్దు బేటీ,” అన్నాడు బాషా. “ఈడికొస్తే అక్షరాలు మారిపోతాయి. కొలత సూడు. చిన్న గదే మనది.”

చూసింది. చిన్నది సి. డి నొక్కి ఉంటే అంగడి బిల్లులన్నీ పోయి ఉండేవి. అరచేతులకు చెమట పట్టింది. కొంగుకు తుడుచుకుంది. బాషా సుకుమార్ కూర్చున్న గల్లాపెట్టె వైపు చూసి గొంతు తగ్గించాడు.

“మొదటిసారి నేను అక్షరాన్నే నమ్మినాను. మూడేండ్లు గీసుకున్న బొమ్మలు, తమలపాకు, కలశం, నెమలి, అన్నీ పాయె. డిస్కు సెడిపోయిందని సుకుమారుకు అబద్ధం సెప్పి మళ్ళా గీసి, వేరే డిస్కులో గూడా దాచినా. ఇన్నాళ్ళూ ఎవురికీ సెప్పలేదు.”

నౌరీన్‌కు ఎందుకో ఊపిరి ఆడింది. చిన్న గదిని ఎంచుకుని నొక్కింది. ఇంకా ముప్పై తొమ్మిది నిమిషాలని తెర మీద పడింది. ఆ అంకె ఎప్పుడూ అబద్ధమే అని బాషా నవ్వాడు. ఆమె గిన్నెలు తుడుస్తూ తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

ఒంటిగంట దాటాక పాతది తెరుచుకుంది. సంబరపడేలోగా సుకుమార్ బిల్లు కొట్టడానికి వచ్చాడు. కంప్యూటరును ఎన్నిసార్లు ఆపి మళ్ళీ వేసినా పాతదే వస్తోంది. కొత్తది జాడ లేదు.

“బిల్లులు యాడమ్మా? అంతా తుడిచేసినావా?” అన్నాడు సుకుమార్. “సదువు లేనోళ్ళ సేతికిస్తే ఇంతే.”

ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట వచ్చేసింది. వచ్చాక చూస్తే అంతా కలిపి మూడు నాలుగు ముక్కలే. బాషా చేతులు తొడల కిందినుంచి తీయలేదు.

“ఇల్లు యాడికీ పోలేదప్పా. పాతోడు వస్తానే వాకిట్లో కొత్తోడి బోర్డు పీకేస్తాడు. ఆ యమ్మి మళ్ళా రాస్తుంది, ఉండు.”

నౌరీన్ కొత్త విండోస్ డిస్కు పెట్టింది. నోటుబుక్కులోని నాలుగు ఇంగ్లీషు వరుసలను ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది. ఆపి మళ్ళీ వేసింది. నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. కొత్తది తెరిస్తే బిల్లులన్నీ ఉన్న చోటే ఉన్నాయి. సుకుమార్ మూలనున్న గిన్నెల మూట తనే మోసుకొచ్చి ఆమె పక్కన దించాడు.

“ఆరుకు వస్తారు,” అన్నాడు. ఆ మాట బాషాకు కాదు, ఆమెకు చెప్పాడు.

మళ్ళీ పాతదాన్ని తెరిచి, చెక్కే సాఫ్ట్‌వేరు ఎక్కించి యంత్రాన్ని కలిపింది. సూది గిన్నె అంచు మీద సన్నగా కీచుమంటూ కదిలింది. ‘మునిలక్ష్మి’ అని తెల్లగా తేలింది. చూడు చాచా అంటూ గిన్నెను పట్టుకుని తిరిగేసరికి స్టూలు ఖాళీగా ఉంది. పనిలో ఉండాది, పిలవొద్దు అని చెప్పి బస్సుకు వెళ్ళాడన్నాడు సుకుమార్. నౌరీన్ వీధిలోకి చూసి, కళ్ళు తుడుచుకుని, రెండో గిన్నె బిగించింది.

ఐరాల వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఖాదర్ బాషా చెల్లెలి ఇల్లు అడిగి, ఆయన అన్నం తిన్నాడో లేదో ఒకసారి చూడండి. ఆయన తెచ్చుకున్న క్యారియర్ విప్పకుండానే బల్ల చివర ఉండిపోయింది. మూత మీద ఏ పేరూ లేదు.