పిన్ని బూట్లు

మా పిన్ని వీధి మొగలో బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. బొమ్మ వేస్తానంటే ఒకటే షరతు పెట్టింది. "నా బూట్లు వెయ్యాలి. లేసులతో సహా." రోజంతా నిలబడి మడమలు పగిలాక, మనసుపడి కొనుక్కున్న తెల్లబూట్లవి. మాటిచ్చాను.

మ్యూజియంలో ఒక గోడ నిండా దొరల కాలం నాటి నీటిరంగుల బొమ్మలున్నాయి. నీళ్ళు మోసేవాడు, క్షవరం చేసేవాడు, బట్టలుతికే మనిషి. ఒక్కరికీ పేరు లేదు, ఒక్కరి కాళ్ళకీ చెప్పుల్లేవు. ఎదురుగోడకి ఇప్పటి వీధి మనుషుల్ని వెయ్యమని నాకు పని అప్పగించారు. మనల్ని మన కళ్ళతో చూసుకుందామని అధికారి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. నేను నమ్మాను, బుద్ధి తక్కువదాన్ని.

పిన్ని బొమ్మ చూసి ఆయన మూతి విరిచాడు.

"అన్నీ బాగున్నాయి మేడమ్. కాళ్ళకి అవేంటి?"

"బూట్లు సార్. ఆవిడవే."

"ఆవిడవే కావచ్చు. కానీ మన బీదవాళ్ళు ఇలా ఉంటారా? తీసెయ్యండి. లేదంటే ఈ బొమ్మ గోడెక్కదు."

దొరలు పోయి యాభై ఏళ్ళు దాటింది. చింత చచ్చినా పులుపు చావలేదు. అయినా గోడ మీద చోటు కోసం సరేనన్నాను. నీటిరంగుల్లో తెలుపు పుయ్యరు, కాగితాన్నే ఖాళీగా వదిలేస్తారు. మొదట ఆ బూట్ల మీద రంగు పడకుండా రెండు రోజులు ఊపిరి బిగబట్టి వేశాను. వాటిని పాదాలుగా మార్చడానికి గోధుమరంగు ఒక్క పూత సరిపోయింది. పైన వేళ్ళు కూడా గీశాను.

ప్రదర్శన రోజు పిన్ని బండి మూసేసి, బూట్లు తుడుచుకుని మరీ వచ్చింది. అధికారి స్వయంగా బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, "ఎంత సహజంగా ఉన్నారో చూడండమ్మా" అన్నాడు.

పిన్ని బొమ్మలోని పాదాల దగ్గరికి వంగి చూసింది.

"మా నాన్న ఈ భవనంలోనే పంకా లాగేవాడు. గేటు దగ్గరే చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని లోపలికొచ్చేవాడు. దొరలు వేసుకోనిచ్చేవాళ్ళు కాదు."

"ఆ రోజులు పోయాయి కదమ్మా," అన్నాడాయన.

పిన్ని నా వైపు తిరిగింది.

"మా నాన్న చెప్పులు దొరలు విప్పించారు. నావి ఎవరు విప్పారే?"

అధికారిని చూపించాలనుకున్నాను. చెయ్యి లేవలేదు.

"నేనే పిన్నీ," అన్నాను.