రబ్బరు పట్టీ కింద రంగు

కంటి ఆపరేషన్ అయిన వారం తర్వాత మామయ్య షెడ్డు దాకా నడిచొచ్చి, నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, తన పడవను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి, "ఇది నాది కాదు" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

"నాది నీలం పడవ. ఇదేంటి, సున్నం కొట్టినట్టుంది? ఎవరిదో తెచ్చి నా షెడ్డులో పడేశారు."

మా ఆయన మామయ్యను పడవ వెనక్కి తీసుకెళ్లి ఇంజను చూపించాడు. దాని మూతకు కట్టిన తీగ, ఆయనే వేసిన అతుకు, అన్నీ చూపించాడు. మామయ్య వంగి తడిమి చూశారు. "ఇంజను నాదే. పడవ కాదు," అని తేల్చేసి, అద్దాలు దించుకుని ఇంట్లోకి వెళ్లిపోయారు.

ఆ ఫైబర్ పడవతోనే ఆయన ఏళ్ల తరబడి జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించారు. చూపు మందగించాక నడపడం మా ఆయన చేతికొచ్చింది గానీ, ఈయన పక్కన కూర్చోవడం మానలేదు. పడవ రంగును ఎండ కొంచెం కొంచెంగా తాగేస్తుంటే, అదే కాలంలో ఈయన కళ్లలో శుక్లాలు కొంచెం కొంచెంగా ముదిరాయి. రెండూ కూడబలుక్కున్నట్టు కలిసి నడిచాయి కాబట్టి ఆయనకు తేడా తెలియలేదు. డాక్టరుగారు ఒకదాన్ని తీసేసరికి రెండోది బయటపడింది. నాకిదంతా భలే వింతగా అనిపించింది. అత్తయ్యకు అనిపించలేదు. టీ గ్లాసులు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి అంతా విన్న ఆవిడ, ఎవరికీ టీ ఇవ్వకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

సాయంత్రం నేను కుట్టుమిషన్ దగ్గర ఉంటే వచ్చి తలుపు దగ్గరికేసింది.

"అమ్మాయ్, ఆ పడవను మళ్లీ నీలంగా చేయగలవా?"

"నేనా? నాకు సూదీ దారం తప్ప ఏం తెలుసు అత్తయ్యా? మీ అబ్బాయి రంగేస్తానంటున్నాడుగా."

"రంగేస్తే ఆయన ఇట్టే పట్టేస్తారు. పాత రంగే రావాలి."

"ఆయన పడవ సంగతి మీకెందుకండీ ఇంత బెంగ?"

అత్తయ్య బట్టల మూట జరిపి స్టూలు మీద కూర్చుంది. "ఇన్నేళ్లూ ఆయన నన్ను మసకలోనే చూశారు. ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయట, గోడ మీద పగుళ్లతో సహా. పడవనే నాది కాదన్నారు. రేపు నన్ను చూసి ఏమంటారో?"

నవ్వబోయి ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. ఆవిడ హాస్యానికి అనడం లేదు. చేతులతో చెంపల మీద ముడతల్ని వెనక్కి లాగి పట్టుకుని ఉంది, తనకే తెలియకుండా. నాకు ఆవిడ మీద జాలేసింది, మామయ్య మీద మండింది. పాపం ఆయన ఆవిడనింకా ఏమీ అనలేదని గుర్తొచ్చినా మంట చల్లారలేదు.

అప్పుడు తెలిసింది నాకు ఆ నల్లద్దాల గుట్టు. బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకుంటే చాలని డాక్టరుగారు చెప్తే, ఇంట్లో కూడా పెట్టుకోవాలని అత్తయ్య ఆయనకు చెప్పింది. రోజూ ఆయన కళ్లు తెరవకముందే లేచి, తన చేత్తోనే అద్దాలు ఆయన ముఖానికి తగిలిస్తోంది. కంట్లో చుక్కలు వేసే పని కొడుక్కి అప్పజెప్పింది. పగలంతా వంటింట్లోనే గడుపుతోంది. వచ్చే వారం మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరుగారు అద్దాలు తీసేయమంటారు. ఈలోపు పడవ కళకళలాడాలి, దాన్ని చూసి ఆయన మనసు కుదుటపడాలి, ఆ తర్వాత తన వంతు. అదీ ఆవిడ లెక్క. ఆ లెక్కలో నాకు తలాతోకా కనిపించలేదు, కానీ కాదనడానికి నోరు రాలేదు.

పైగా నాకు ఇంకో పురుగు తొలిచేస్తోంది. ఇంతకీ ఆ పడవ ఏ నీలం? ఆకాశం రంగని అత్తయ్య, సిరా రంగని మా ఆయన. నా కంటికి అది నీలమే కాదు, కడిగిన పలక. వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంది, అంతే. నాకేమో దేన్నైనా విప్పి చూస్తే తప్ప నిద్ర పట్టదు.

వెలిసిన బట్ట అసలు రంగు తెలియాలంటే అంచు మడత విప్పి చూస్తాం. లోపలి మడతకు ఎండ తగలదు. మరి పడవకు మడత ఎక్కడుంటుంది? మర్నాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఒడ్డుకు రాసుకుపోకుండా పై అంచు పొడవునా ఒక రబ్బరు పట్టీ బిగించి ఉంది. స్క్రూలు తుప్పు పట్టాయి. ఒకటి విరిగింది, రెండోది నా వేలు చీరింది, మూడోది వదిలింది. పట్టీని జానెడు పక్కకు లాగి చూస్తే కింద నీలం! ఆకాశమూ కాదు, సిరా కాదు. కొత్త దారపు రీలు కవర్లోంచి తీసినప్పుడు ఉండే ముదురు నీలం, తడిగా ఉందా అన్నట్టు మెరుస్తోంది. దాని పక్కనే వేలెడు దూరంలో సున్నం.

"అత్తయ్యా!" అని ఇల్లెగిరిపోయేలా కేకేశాను. ఆవిడ పరిగెత్తుకొచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇదే. ఇదే రంగు. నా పెళ్లప్పటికి మీ మామయ్యకు పడవ లేదు, మీ ఆయన పుట్టాక కొన్నారు. మొదటిసారి ఎక్కినప్పుడు ఇలాగే ఉంది."

రంగు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. దాన్ని బయటికి రప్పించడమెలా?

అత్తయ్య వంటనూనె తెచ్చింది. పూసిన చోటల్లా నీలం పొంగుకొచ్చింది. ఇద్దరం చిన్నపిల్లల్లా గంతులేశాం. తెల్లారేసరికి నూనె ఇంకిపోయి, ఊళ్లో దుమ్మంతా వచ్చి దానికే అంటుకుంది. దాన్ని వదలగొట్టడానికి పూటంతా పట్టింది. తర్వాత నేను పళ్లపొడి ప్రయత్నించాను. అరచేయంత మేర కాస్త తేటపడింది గానీ, ఆ లెక్కన పడవ మొత్తం రుద్దాలంటే నాకు మనవలు పుట్టేస్తారు.

ఇక సిగ్గు విడిచి రంగుల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన నోట్లో మాట ఆగే రకం కాదు. కార్ల మీద గీతలు పోగొట్టే కాంపౌండ్ పేస్టు డబ్బా, మెరుగుపెట్టే మిషన్, దానికి తొడిగే ఉన్ని టోపీ నా ముందు పెడుతూనే మా ఇంటి సంగతులన్నీ కూపీ లాగాడు.

"మెరుపు తెస్తున్నాననుకుంటున్నావామ్మా? తేవడం కాదు, తీయడం. పైన చచ్చిన పొరను గీకేస్తే కింద ప్రాణమున్న పొర వస్తుంది. అది గోరంత మందం ఉంటుందంతే. రుద్దిన కొద్దీ తరిగిపోతుంది. మెరిసింది కదా అని ఊరికే రుద్దకు."

"అంటే ఎప్పుడు ఆపాలి?"

"అదే విద్య! ఎప్పుడు మొదలెట్టాలో అందరికీ తెలుసు," అని ఆయన ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

మొదలెట్టడం కూడా అందరికీ తెలియదని షెడ్డులో తేలింది. టోపీ నిండా కాంపౌండ్ పట్టించి, మిషన్ గాల్లో ఉండగానే స్విచ్ నొక్కాను. అది ఒక్కసారిగా బుర్రున తిరిగి డబ్బా సగం నా ముఖానికీ, గోడకీ, ఆరేసిన బట్టలకీ పంచిపెట్టింది. అప్పుడే వచ్చిన మా ఆయన నన్ను చూసి, "పెరుగన్నం తిన్నావా, దాంట్లో పడ్డావా?" అని అడిగి, నా చేతిలో మిషన్ ఉందని చూసుకుని బయటికి జారుకున్నాడు.

రెండోసారి బుద్ధిగా చేశాను. పేస్టు చుక్కలుగా పడవకే పెట్టి, టోపీ ఆనించి, అప్పుడు స్విచ్ నొక్కి, నెమ్మదిగా పక్కకు నడిపించాను. ఇస్త్రీపెట్టెలాగే ఇదీ కదులుతూ ఉండాలి, ఒకచోట నిలిపితే మాడుస్తుంది. ఆ సంగతి నా చేతులకు ముందే తెలుసు కాబట్టి అక్కడ తడబడలేదు. తెల్ల టోపీ నీలంగా మారింది. అంటే పడవ రంగే ఊడి వస్తోంది. గుడ్డతో తుడిచి చూస్తే, కిటికీ ఊచలు అందులో కనిపించాయి. ఊచలేనా అని నమ్మకం కుదరక లేచి వెళ్లి కిటికీ రెక్క ఊపాను. పడవలోనూ ఊగింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేను కుట్టిన ఏ బట్టా నన్నంత మురిపించలేదు.

ఆ రోజు నుంచి తిండీ నిద్రా పడవ దగ్గరే. ఒక పక్క అయింది. రెండో పక్క చేస్తుంటే పొగరెక్కి కొట్టాయన మాట మర్చిపోయాను. పడవ ముక్కు దగ్గర వంపులో ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆనించాను. వంపుల్లో పొర ఇంకా పల్చగా ఉంటుందని నాకెవరు చెప్పారు! నీలం మధ్యలో పాత్ర మాడినట్టు నాణెమంత మచ్చ తేలింది, లోపలి ఫైబర్ పీచు బయటపడి. మిషన్ పక్కన పడేసి అక్కడే కూలబడ్డాను.

అత్తయ్య వచ్చి మచ్చను వేలితో నిమిరింది. తిడుతుందనుకున్నాను. "దీన్ని ఇలాగే ఉండనీ. ఇంకేం చేయకు," అంది.

చివరగా మైనం పట్టించే పని ఆవిడే అడిగి తీసుకుంది. మెత్తటి గుడ్డతో గుండ్రంగా, ఓపిగ్గా రుద్దుతూ, "ముఖానికి పనికొస్తుందా ఇది?" అంది.

"డబ్బా మీద రాయలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. అంతలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మెరిసే నీలంలో ఆవిడ ముఖం కనిపిస్తోంది, ముడతలూ, చెంపల దగ్గర నెరిసిన జుట్టూ అన్నీ. కాసేపు చూసుకుంది.

"మరీ ఎక్కువ మెరిపించావే నువ్వు," అని గొణిగి, గుడ్డ మడిచి మళ్లీ రుద్దడం మొదలెట్టింది. నేను ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. మీరు బాగానే ఉన్నారు అత్తయ్యా అంటే అది నా మాట అవుతుంది. ఆవిడకు కావలసింది నా మాట కాదు.

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి వెళ్లాలి. ఇన్నాళ్లూ మోగిన మిషన్ చప్పుడు ఆగిందని కాబోలు, మామయ్య చెప్పాపెట్టకుండా షెడ్డుకు వచ్చేశారు. ఆ చెప్పుల చప్పుడు వినగానే అత్తయ్య గుడ్డతో సహా పడవ అవతలి వైపుకు తప్పుకుంది.

ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. అరచెయ్యి పడవకు ఆనించి మెల్లగా నడిచారు.

"ఎక్కడ దొరికిందమ్మా ఇది?"

"ఇక్కడే మామయ్యా. పైపొర తీశానంతే."

"నువ్వేనా?" ముక్కు దగ్గర వంగి మచ్చ చూశారు. "ఇదేంటి?"

"అది కూడా నేనే."

ఆయన పకపకా నవ్వారు. మచ్చ మీద వేలితో తట్టి, అలా అవతలి వైపుకు తిరిగారు. అత్తయ్య వెనకవైపు నుంచి ఇవతలికి వచ్చేసింది. ఆయన ఇవతలికి వచ్చేసరికి ఆవిడ అటు చేరింది. ఇద్దరి మధ్యా పడవ. ఆ వయసులో వాళ్ల దాగుడుమూతలు చూస్తే నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఇంజను దగ్గర మామయ్య ఆగిపోయారు.

"ఇదిగో, ఎందుకీ తిప్పలు? నేను నిన్ను చూసేశాను."

అవతల అలికిడి ఆగింది.

"ఎప్పుడు?" అంది అత్తయ్య గొంతు, సన్నగా.

"ఆసుపత్రిలోనే. పొద్దున్నే నర్సమ్మ వచ్చి కట్టు విప్పింది. నువ్వు రాత్రంతా మేలుకుని కుర్చీలో నిద్రపోతున్నావు. లేపుతానంటే వద్దన్నాను. చాలాసేపు చూశాను."

"నోరు తెరుచుకుని పడుకున్నానా?"

"గురక కూడా పెట్టావు."

"చూసి... ఏమనుకున్నారు?"

మామయ్య పడవ అంచు పట్టుకుని నిలబడ్డారు. "ఇంత అలిసిపోయిందా అనుకున్నాను. ఎప్పుడు అలిసిపోయావో నాకు కనిపించనే లేదు."

నేను మిషన్ వైరు చుట్టడం మొదలెట్టాను, చుట్టిన దాన్నే మళ్లీ చుట్టాను.

"అప్పుడే చూసినవారు ఇన్నాళ్లూ ఆ అద్దాలెందుకు పెట్టుకున్నారు? ఇంట్లో అక్కర్లేదని డాక్టరుగారు మీకూ చెప్పే ఉంటారుగా?" అత్తయ్య గొంతులో ఈసారి కోపం ఉంది, ఏడుపూ ఉంది.

"చెప్పారు. కానీ రోజూ తెల్లారేసరికి నువ్వొచ్చి నా ముఖం రెండు చేతుల్తో పట్టుకుంటున్నావు. నీ చేతులు అలా తగిలి ఎన్నేళ్లయింది? అందుకే కళ్లు మూసుకుని పడుకున్నాను."

అత్తయ్య చేతిలోంచి గుడ్డ జారి కింద పడింది. మామయ్య పడవ మీద చెయ్యి తీయకుండానే మళ్లీ అటు నడిచారు. ఈసారి అవతల అడుగుల చప్పుడు లేదు. ఆవిడ అక్కడే నిలబడింది.