పేజీ కింద సంతకం

ఆ రోజు నేను స్కూలుకి వెళ్ళింది తగాదా పెట్టుకోవడానికే. ఇందులో దాపరికం ఏమీ లేదు. మందుల షాపులో వేసుకునే తెల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది. ఎవరిని ఏమని కడిగెయ్యాలో దారి పొడుగునా వరస పెట్టుకుంటూ నడిచాను. ముందు క్లాస్ టీచర్. తర్వాత పిల్లల మనసు కనిపెట్టుకుని ఉండాల్సిన ఆ స్కూలు కౌన్సిలర్. ఓపిక మిగిలితే గేటు దగ్గర వాచ్‌మన్.

గంట కిందటే చెవుల డాక్టరు మా అమ్మాయిని అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. కాగితం మీద రెండు గీతలు వచ్చాయి. కుడి చెవి గీత పైన బుద్ధిగా నడిచింది. ఎడమ చెవి గీత కిందికి జారి అక్కడే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అన్నాడు డాక్టరు.

"రెండు మూడు రోజులేనండీ," అన్నాను. ముందు రోజు సాయంత్రం హారన్ కొట్టుకుంటూ ఎడమవైపు నుంచి వచ్చిన వ్యాను దానికి వినబడలేదు. పక్కింటావిడ రెక్క పట్టుకుని లాగబట్టి సరిపోయింది. నాకు తెలిసింది అప్పుడే మరి.

"ముప్పై నాలుగు రోజులు," అంది మా అమ్మాయి.

దానికి పద్నాలుగేళ్ళు. మాట పెదవి దాటి రాదు. వాళ్ళ నాన్న ముద్దుగా గొణుగుడమ్మ అంటాడు. అలాంటిది తడుముకోకుండా చెప్పేసరికి నేను నోరు తెరుచుకుని చూశాను.

"కచ్చితంగా గుర్తుందా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"రాసుకున్నానండి. డైరీలో. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు కళ్ళు తిరిగాయో అన్నీ ఉన్నాయి. పుస్తకం స్కూల్లో ఉంది."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. వినికిడి ఇలా ఉన్నట్టుండి పోయినప్పుడు మొదటి రెండు వారాల్లో మందు పడితే చాలామందికి తిరిగి వస్తుందట. ఆ తర్వాత రోజు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుందట. ఇవాళే మొదలుపెడదాం, ఆ పుస్తకం తెప్పించండి, తేదీలు నాకు కావాలి అంటూ చీటీ రాసిచ్చాడు. ఆ మందు మా షాపులో మూడో అరలో ఉంటుంది. ముప్పై నాలుగు రోజులూ అక్కడే ఉంది.

వాళ్ళ నాన్నని దాని దగ్గర కూర్చోబెట్టి బయల్దేరాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. డైరీ అట డైరీ! ఏడాది మొదట్లో ఆ కౌన్సిలర్ మమ్మల్నందరినీ హాల్లో పోగేసి ఒకటే ఊదరగొట్టింది. పిల్లలు రోజూ అరపేజీ రాసుకుంటే మనసు తేలికపడుతుందట, ఆలోచన కుదురుకుంటుందట, భయమేదో వాళ్ళకే అర్థమవుతుందట. నోరుండగా చేతికెందుకీ పని అని నేను పక్కావిడతో నవ్వాను కూడా.

స్టాఫ్ రూములో క్లాస్ టీచర్ భోజనం డబ్బా పక్కకి తోసి నోటుబుక్కులు దిద్దుతోంది. కౌన్సిలర్ కూడా అక్కడే ఉంది. మంచిదే అనుకున్నాను, ఇద్దరికీ ఒకేసారి సరిపోతుంది.

"నెల దాటింది మేడం పిల్లకి ఒక చెవి పోయి! రోజుకి ఆరు గంటలు మీ కళ్ళెదురుగా కూర్చుంటుంది. మీకెవరికీ తెలీలేదా? కళ్ళెక్కడ పెట్టుకున్నారు?"

"చెవా?" అంది టీచర్. "పిలిస్తే పలకట్లేదనే కదండీ, రెండుసార్లు బయట నిలబెట్టాను..."

అని తన మాట తనకే తగిలి ఆగిపోయింది. నేను ఆగలేదు. కౌన్సిలర్ వైపు తిరిగాను.

"భయాలన్నీ రాసుకోమన్నారుగా? రాసుకుంది. ఒక్కరైనా చదివారా? పుస్తకం ఇటివ్వండి!"

టీచర్ దొంతరలోంచి ఒక పుస్తకం లాగింది. నేను ముప్పై నాలుగు రోజులు వెనక్కి లెక్కపెట్టి పేజీ తెరిచాను. గుండ్రటి అక్షరాలు.

'పొద్దున లేచేసరికి ఎడమ చెవిలో హొరుగా ఉంది. నీళ్ళు పోయినట్టు మూసుకుపోయింది. అమ్మకి చెప్పాను. గుబిలి అయ్యుంటుంది, చుక్కలు వేసుకో అంది.'

'హొరు' చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. పక్కన 'హోరు' అని దిద్ది, కింద 'గుడ్' అని రాసి ఉంది.

"దీర్ఘం దిద్దారా!" అని అరిచాను. కారిడార్‌లో పిల్లలు ఆగి లోపలికి చూశారు. "చెవి మూసుకుపోయిందని పిల్ల రాస్తే మీరు దీర్ఘం దిద్ది గుడ్ అని పెట్టారా! మనుషులేనా మీరు?"

టీచర్ ముఖం పాలిపోయింది. ఆ 'గుడ్' కింద, పేజీ అడుగున వేలు పెట్టింది. తల్లిదండ్రుల సంతకం అని అచ్చువేసిన చోట నా సంతకం ఉంది. పొడుగాటి తోక, కింద రెండు చుక్కలు. నాదే.

ఆ పుస్తకం నాకు తెలియంది కాదు. ఆదివారం పొద్దున వారం పేజీలు ఒక్కసారే పట్టుకొచ్చేది. నేను ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో ఏడు సంతకాలు గీకేదాన్ని. అది పేజీ తిప్పేది, వేలితో చోటు చూపించేది. డాక్టర్లు కోడి కెలికినట్టు రాసిన చీటీలు నేను నిమిషంలో చదువుతాను. మోతాదు తేడాగా ఉందని అనుమానం వస్తే ఫోన్ చేసి మరీ అడుగుతాను. షాపులో ఆ పేరు ఉంది నాకు. మా అమ్మాయి రాత చదవడానికి మాత్రం నాకు తీరిక లేకపోయింది.

నిలబడే మిగతా పేజీలు తిప్పాను. తొమ్మిదో రోజు: 'పిలిస్తే పలకట్లేదని నాన్న టీవీ ఆపేశారు. పిలిచింది నిజంగా వినబడలేదు.' నా సంతకం. పన్నెండో రోజు: 'మెట్ల మీద కళ్ళు తిరిగాయి. కాసేపు కూర్చున్నాను. ఎవరూ చూడలేదు.' నా సంతకం. పదిహేడో రోజు: 'నాలుగుసార్లు పిలిచిందట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో అంది అమ్మ. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.' ఆ పేజీలో నా సంతకం తోక పక్క పేజీ దాకా వెళ్ళింది.

"సంతకం పెట్టించమన్నది నేనేనండీ," అంది కౌన్సిలర్ మెల్లగా. "ఆ వంకనైనా ఇంట్లో చదువుతారని..."

"చదవమని చెప్పాల్సింది! సంతకం పెట్టమంటే సంతకమే పెడతారు!" అన్నాను. ఆ మాటలో న్యాయం లేదని నాకు తెలుసు. అయినా అన్నాను. దారంతా పోగేసుకున్న తిట్లు అన్నీ ఇప్పుడు నా మీదికే తిరిగాయి. వాటినన్నిటినీ నేనొక్కదాన్నే మోసుకుని రావడం నావల్ల కాలేదు.

పుస్తకం తీసుకెళ్ళి ఇస్తే, డాక్టరు ఒక్కడే దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివాడు. తేదీలు తన కాగితం మీదికి ఎక్కించుకున్నాడు. పెద్దవాళ్ళు కూడా ఇంత వివరంగా చెప్పలేరమ్మా అని మెచ్చుకున్నాడు. మా అమ్మాయి సిగ్గుపడి నవ్వింది. నెల రోజుల్లో ఆ నవ్వు నేను చూడలేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది నాకు.

మాత్రలు వాడాం, చెవిలో సూదులు వేయించాం. రెండు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే గీత కొద్దిగా పైకి వచ్చింది. మిగతాది ఇక రాదు, ముందే వచ్చి ఉంటే బాగుండేది అన్నాడు డాక్టరు. వాళ్ళ నాన్న మెట్ల మీద కూలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది, ఇవాళ్టికీ అదే ఉంది.

స్కూలు పుస్తకం అయిపోయాక మా అమ్మాయి వేరే నోటుబుక్కు తెచ్చుకుంది. అందులో సంతకానికి చోటు లేదు. ఒక సాయంత్రం బల్ల దగ్గర రాసుకుంటుంటే వెళ్ళి దాని కుడిపక్కన కూర్చున్నాను.

"అంత జరుగుతుంటే గట్టిగా చెప్పొచ్చు కదే?"

"మొదటి రోజే చెప్పాగా. తర్వాత రాశాను. నువ్వు సంతకం పెట్టావు." తల ఎత్తకుండానే అంది. "చదివే పెట్టావనుకున్నా. చదివి కూడా ఊరుకున్నావనుకున్నా."

నోటుబుక్కు వైపు చూస్తూ అడిగాను, "మరి అన్నాళ్ళూ రాస్తూనే ఎందుకున్నావ్?"

"రాసుకున్న రోజు భయం తగ్గేది. నిద్ర పట్టేది. ఆ మేడం చెప్పింది నిజమే."

"ఇటివ్వవే ఒకసారి," అని చెయ్యి చాపాను.

"సంతకానికా, చదవడానికా?"

"చదవడానికే."

"సంతకానికైతే ఇచ్చేదాన్ని," అంది. నోటుబుక్కు ఒళ్ళోకి తీసుకుని, కుర్చీ అటు తిప్పుకుని, ఎడమ చెవి నా వైపు పెట్టి, మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది.