పిచ్చుక పళ్ళ అచ్చు

పొద్దున తొమ్మిదింటికి యూనివర్సిటీ ఆసుపత్రిలో పిల్లల పళ్ళ విభాగం తలుపులు తెరుస్తారు. ఐదు నిమిషాలు తిరక్కుండానే వరండాలో ఏడుపులు మొదలవుతాయి. లోపల ఒక వరస కుర్చీల్లో పుచ్చుపళ్ళు బాగుచేస్తుంటారు, రెండో వరసలో వంకరపళ్ళకి తీగలు కడుతుంటారు, చివరి గదిలో ప్లాస్టిక్ దవడ పెట్టుకుని బ్రష్షు ఎలా పట్టుకోవాలో నేర్పుతుంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఆ విభాగాన్ని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

అన్నిటికీ వెనక అచ్చుల గది. అక్కడ అచ్చులమ్మదే రాజ్యం. పిల్లల నోటి కొలతల్లో ప్లాస్టరు కలిపి పోసి పళ్ళ అచ్చులు తీయడం ముప్ఫై ఏళ్ళుగా ఆమె ఉద్యోగం. తీసిన ప్రతి అచ్చుకీ నంబరు వేసి అరల్లో సర్దుతుంది.

అచ్చులు పిల్లలతోపాటు పెరుగుతాయి. ఎక్కడో ఓ పిల్లకి పాలపన్ను ఊడితే ఇక్కడ అరలో ఆ పిల్ల అచ్చుకీ ఊడుతుంది. సోమవారం పొద్దున అచ్చులమ్మ చిన్న కుంచెతో రాలిన ప్లాస్టరు పళ్ళు ఊడ్చి, ఏ నంబరుకి ఏ పన్ను ఊడిందో రిజిస్టరులో రాస్తుంది. దీనివల్ల ఇబ్బందల్లా విద్యార్థులకే. వారం ముందు కొలిచిపెట్టుకున్న అచ్చుకి పరీక్ష రోజున కొత్త దవడపన్ను కనబడుతుంది. విభాగం నడిపే పెద్ద డాక్టరమ్మ మార్కులు మాత్రం కోసే తీరుతుంది.

కిటికీ పక్క కింది అరలో ఉన్నది అచ్చులమ్మ మనవరాలి అచ్చు. కూతురి కూతురు. ఇంట్లో పిచ్చుక అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లని అచ్చులమ్మ చూసి రెండున్నరేళ్ళయింది.

తప్పు అచ్చులమ్మదే. అల్లుడితో తెగతెంపులయ్యాక కూతురూ మనవరాలూ ఆమె దగ్గరే ఉండేవాళ్ళు. పిచ్చుక ఆరేళ్ళు దాటినా బొటనవేలు చప్పరించడం మానలేదు. పై పళ్ళు ముందుకి తోసుకొస్తున్నాయి. మెల్లిగా అదే మానుతుందిలే అమ్మా అని కూతురు అంటూనే ఉంది. పొద్దున లేస్తే అలాంటి నోళ్ళు పది చూసే మనిషికి సొంత మనవరాలి నోరు చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. కూతురు పనికి వెళ్ళిన రోజు చూసి పిల్లని విభాగానికి తీసుకొచ్చింది. కాగితంలో తల్లి సంతకం ఉండాల్సిన చోట తనే సంతకం పెట్టింది. వేలు లోపలికి పోకుండా అంగిట్లో చిన్న తీగల కంచె కట్టించింది. ఆ తీగ స్వయంగా ఆమే వంచింది. చాలా అందంగా కుదిరింది కూడా.

పిచ్చుక మూడు రోజులు తిండి తినలేదు. మాట్లాడబోతే నాలుక గీరుకుని ఏడ్చింది. నాలుగో రోజు కూతురు ఆ తీగ తీయించేసి, నా బిడ్డ నీ అరలో అచ్చు కాదమ్మా అని చెప్పి, గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో ఉద్యోగం వెతుక్కుని వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి మనవరాలి సంగతులు తెలియడానికి అచ్చే దిక్కు. ఏ పన్ను ఊడింది, ఏది మొలిచింది, అన్నీ అచ్చు చూసే తెలుసుకుంది. ఏడాది తిరిగేసరికి ముందుపళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. పిల్ల వేలు మానేసిందని తెలిసింది. కూతురన్నదే నిజమైంది. ఆ రోజు అచ్చులమ్మ సంతోషించింది, సిగ్గుపడింది కూడా.

ఈ ఏడు బళ్ళు తెరిచాక పై పళ్ళు మళ్ళీ ముందుకి రావడం మొదలుపెట్టాయి. మొదట అచ్చులమ్మ నెపం తన కళ్ళజోడు మీదికి నెట్టింది. తర్వాత కొలిచి చూసింది. మూడు నెలల్లో రెండు మిల్లీమీటర్లు. తొమ్మిదేళ్ళ పిల్ల మళ్ళీ వేలు నోట్లో పెట్టుకుంటోంది. అచ్చులమ్మ అచ్చు తీసుకుని పెద్ద డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. అప్పటికే జేబులో ఒక కొత్త తీగ వంచి పెట్టుకుని ఉంది.

పెద్ద డాక్టరమ్మ అచ్చుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కుడి పన్ను ఎక్కువ తోసుకొచ్చింది. కుడిచేతి వేలు, అదీ చాలాసేపు. మానేసిన పిల్ల మళ్ళీ మొదలుపెట్టిందంటే దీన్ని అలవాటు అనుకోకూడదు. దేనికో భయపడుతోంది. ముందు ఆ భయం సంగతి కనుక్కో, పళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

అచ్చులమ్మ జేబులో తీగని జేబులోనే ఉంచేసుకుంది. ఆ పిల్ల ఆరేళ్ళప్పుడు కూడా దేనికో భయపడే ఉంటుందని, అడగాలని తనకి తోచనే లేదని అప్పుడు తట్టింది. అక్కడే నిలబడి ఏడ్చింది.

ఆదివారం అచ్చుని దూదిలో చుట్టి, సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. కూతురు తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి సంచి వైపు చూసింది.

"మళ్ళీ తీగ తెచ్చావా అమ్మా?"

"తేలేదు. ఇది చూడు."

అచ్చుల మధ్య పెరిగిన కూతురికి చూడగానే అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. పిల్ల బాగా చదువుతోందని, బాగా తింటోందని, తన కళ్ళముందు ఒక్కసారి కూడా వేలు నోట్లో పెట్టుకోలేదని గట్టిగా వాదించింది. వాదిస్తూ వాదిస్తూ ఆగిపోయింది. మూడు నెలల క్రితం తన పనివేళలు మారాయి. బడి మూడింటికి వదిలితే తను ఇల్లు చేరేది ఏడింటికి. ఆ నాలుగు గంటలూ పిల్ల లోపల గడియ పెట్టుకుని ఒక్కతే ఉంటోంది.

పిచ్చుక లోపలి గది గుమ్మంలోకి వచ్చింది, కుడి గుప్పిట బిగించి. తల్లి పిల్ల ముందు గొంతుక్కూర్చుని ఆ గుప్పిట విప్పింది. బొటనవేలు నాని తెల్లబడి ఉంది, కణుపు మీద కాయ కాసింది.

"భయమేస్తోందా అంటే లేదన్నావు కదే?"

"ఎవరో తలుపు కొడతారు. నేను పలకను," అంది పిచ్చుక. "నీకు చెప్తే నువ్వు ఉద్యోగం మానేస్తావు."

తల్లి పిల్లని దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు. అచ్చులమ్మ నోటిదాకా సవాలక్ష సలహాలొచ్చాయి. అన్నీ పంటి కింద నొక్కిపెట్టింది.

"మధ్యాహ్నాలు నన్ను రమ్మంటావా?" అని కూతుర్ని అడిగింది. అడగడం ఆమెకి కొత్త.

కూతురు కళ్ళు తుడుచుకుంది. "పావు తక్కువ మూడుకే బడి గేటు దగ్గర ఉండాలి."

"ఉంటాను."

"దాని నోట్లో చెయ్యి పెట్టకూడదు."

"పెట్టను."

మర్నాడు సంగతంతా విని పెద్ద డాక్టరమ్మ ఆమె పనివేళలు మార్చేసింది. పొద్దున ఏడింటికొచ్చి ఒంటిగంటకి వెళ్ళిపొమ్మంది. అచ్చులు ఆరడానికి మనిషి కాపలా ఎందుకంది.

ఆ మధ్యాహ్నమే అచ్చులమ్మ బడి గేటు దగ్గర నిలబడింది, రెండున్నరకే. పిచ్చుక బయటికొచ్చి, చుట్టూ చూసి, అమ్మమ్మ బొటనవేలు కుడి గుప్పిట్లో పట్టుకుంది. ఇల్లు చేరి, గడియ వేసుకుని, పుస్తకాలు ముందేసుకున్నాక కూడా వదల్లేదు. ఆ రోజు లెక్కలు ఎడంచేత్తోనే రాసింది.