బాపు ఇంటర్వ్యూ

మా బాపు గాలయ్యకు సాంచల చప్పుడు, అదే మరమగ్గాల మోత, ఉంటేనే మాట వస్తుంది. శాంతి నగర్‌లో కార్ఖానా పిల్లలందరికీ పెదవులు చూసి మాట పట్టుకోవడం వచ్చు కాబట్టి, ఆ మోతలో బాపు నాతో బోలెడు ముచ్చట్లు పెడతాడు. ఇంటికొస్తే మాత్రం నోట్లో నీళ్లు పోసుకున్నట్టే.

"మీ బాపుతోని మాట్లాడాల్నంటే ఇంట్ల ఓ సాంచ పెట్టుకోవాలె" అని అమ్మ విసుక్కుంటుంది.

ఇలాంటి మనిషిని బి.ఎ. మొదటి ఏడు సమాజశాస్త్రం ప్రాజెక్టు కోసం ఇంటర్వ్యూ చేశాను. నా తెలివికి నన్నే మెచ్చుకోవాలి! ఫెయిలైతే చదువు మాన్పించి కార్ఖానాలో నూలు కండెలు చుట్టడానికి పెడతామన్నారు ఇంట్లో. కార్ఖానా మోతలోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని పోతే, తెలుగు రాని మా సాక్షి మేడమ్ విని, "ఇది మనిషి ఇంటర్వ్యూనా, మిషన్‌దా? ఆయన్నే తీసుకురా" అంది.

బాపు ఇస్త్రీ చొక్కాతో కాలేజీకి వచ్చాడు. మేడమ్ హిందీలో ప్రశ్న అడిగింది. బాపు నోరు తెరిచాడు, మూశాడు. చేసేది లేక ఆ రికార్డింగే స్పీకర్‌కు కలిపి పెట్టాను. గది దద్దరిల్లింది. బాపు ముఖం వెలిగిపోయింది, పెదవులు గబగబా ఆడసాగాయి. ప్యూన్ చెవులు మూసుకుని తొంగిచూసి పారిపోయాడు.

"ఇంట్లో నిర్ణయాలు ఎవరివి?" మేడమ్ గొంతు చించుకుంది.

బాపు పెదవులు చూసి, "మా అమ్మవట" అని నేనూ అరిచాను.

"మీ అమ్మాయి కూడా ఈ పనిలోకి రావాలని ఉందా?"

బాపు నా వైపు చూశాడు. 'ఫెయిలైతె మంచిగుండు. నా పక్కపొంటి కండెలు చుట్టుకుంట కూసుంటది. దినమంత ముచ్చట పెట్టుకోవచ్చు. ఇంట్ల నాకు మాటొస్తలేదు గదా' అన్నాడు.

అప్పుడే రికార్డింగ్ అయిపోయింది.

"ఏమన్నారు?"

"వద్దట మేడమ్. నేను బాగా చదువుకోవాలట" అన్నాను హిందీలో. హిందీ బాపుకూ వచ్చు.

మేడమ్ నేరుగా బాపునే అడిగింది. "నిజమేనా కాకా?"

గదిలో చిన్న చప్పుడు కూడా లేదు. నేను స్పీకర్ వైపు చేయి చాచాను. బాపు నా చేయి పట్టుకుని ఆపాడు. గొంతు సవరించుకున్నాడు, మింగాడు, మళ్లీ సవరించుకున్నాడు.

"హా మేడమ్" అన్నాడు. "వహీ బోలా." అదే చెప్పాడట.

మేడమ్ పాస్ మార్కులు వేసింది. నాకు సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది. బాపు గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు ఆ రోజుదాకా తెలియదు.