మూడో స్లైడు

ల్యాబులో అందరూ ఆమెను భూతద్దం అక్క అనేవాళ్లు. కళ్ళె పరీక్షలో పాతికేళ్ల అనుభవం ఆమెది. క్షయ క్రిమి ఆమె కంటబడకుండా తప్పించుకోలేదని పేరు. రెండు దేశాల ఆస్పత్రులు కలిసి పనిచేయాలని ఒప్పందం కుదిరాక, నెలనెలా ఇక్కడి స్లైడ్లు కొన్ని అక్కడికి, అక్కడివి ఇక్కడికి పంపుకుని, ఒకరు చూసినవాటిని ఇంకొకరు మళ్లీ చూడసాగారు.

నాలుగో నెల అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె ‘క్రిమి లేదు’ అని రాసిన మూడు స్లైడ్లలో క్రిమి ఉందట. ఆమెకు ఒళ్లు మండింది.

“నా కంటికి ఆననివి వాళ్లకి కనిపించాయా? వెనక్కి పంపమనండి,” అని పెద్ద డాక్టరు దగ్గర పట్టుబట్టింది.

పెట్టె తిరిగొచ్చిన రోజు పొద్దున్నే మైక్రోస్కోపు ముందు కూర్చుంది. మొదటి రెండింటిలో ఉన్నవి ఎండిన రంగు రేణువులే. ఆమె మొహం విప్పారింది. మూడోదాన్ని మెల్లగా జరుపుకుంటూ పోతే ఒక మూల, నీలం మీద సన్నటి ఎర్రగీతలు, క్షయ క్రిములు. లెక్కపెట్టింది. నాలుగు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. నాలుగే.

పెద్ద డాక్టరు పక్కనే నిలబడి ఉన్నాడు. “రెండు రంగు మరకలేగా? మూడోదీ అంతేనని రాసేద్దాం. పరువు దక్కుతుంది.”

“వద్దు సార్. ఇందులో ఉంది. నేనే చూడలేదు.”

మధ్యాహ్నం కంప్యూటరు తెర మీద అక్కడి టెక్నీషియను కనిపించాడు. బట్టతలాయన. ఆమె చెప్పిందంతా దుబాసీ ద్వారా విని తలూపాడు.

“మొదటి రెండూ తన పొరపాటేనంటున్నారండీ. మూడోదాన్ని ముందు తనూ దాటేశారట,” అన్నాడు దుబాసీ.

ఆ మాటతో ఆమె మనసు కుదుటపడలేదు. రిజిస్టరు తిరగేసింది. ఆ కళ్ళె ఒక దర్జీది. పరీక్షచేసి అప్పటికే పది వారాలు.

కబురు పంపితే మర్నాడు దర్జీ, భార్య వచ్చారు. తన చేత్తో కుట్టుకున్న చొక్కానే అతనికి వదులైపోయింది.

“మీకు జబ్బు లేదని రాసింది నేనే. తప్పు నాది. పరాయిదేశం ఆస్పత్రిలో మళ్లీ చూస్తే బయటపడింది,” అంది.

“నా కళ్ళె విమానమెక్కిందా! నేనే ఇంకా ఎక్కలేదు,” అని నవ్వబోయి దగ్గాడు దర్జీ.

భార్య నవ్వలేదు. “పది వారాలు దగ్గుమందు తాగించానమ్మా. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల సంగతేంటి?”

“ఇవాళే తీసుకురండి.”

పెద్దపిల్లకు అంటుకుంది. ఈసారి పిల్లల స్లైడ్లు భూతద్దం అక్క తను చూశాక, ఏం కనిపించిందో చెప్పకుండా, పక్కసీటు అమ్మాయి చేత కూడా చూపించింది.

తండ్రీకూతుళ్లకు ఒకేరోజు మందులు మొదలయ్యాయి. ఆరు నెలలకు ఇద్దరికీ నయమైంది. ఆ ఆరు నెలలూ మందులకొచ్చినప్పుడల్లా దర్జీ ల్యాబు గుమ్మంలో ఆగి పలకరించేవాడు. అతని భార్య మాత్రం నర్సులతో, కాంపౌండరుతో కబుర్లు చెప్పి, ఈమెను చూసీ చూడనట్టు వెళ్లిపోయేది. ఈమె కూడా ఎదురెళ్లి మాట కలపలేదు.