యాభై రెండు రోజుల బండి కిరాయి

మా బావ చెన్నబసప్ప నా గడప తొక్కాడంటే ఏదో పని ఉన్నట్టే. ఊరికే పలకరించిపోయే మనిషి కాదు. నా మొగుడు పోయిన మూడేళ్ళలో నాలుగుసార్లు వచ్చాడు, నాలుగుసార్లూ నాతో ఏదో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకునే వెళ్ళాడు. ఆ గురువారం పొద్దున అయిదోసారి వచ్చేసరికి నేను కొట్టంలో ఎర్రెద్దుకు కుడితి పెడుతున్నాను. నా చెయ్యి చూసుకున్నాను.

"ఈపారి ఏలు అక్కర్లేదు గిరిజా, నోటిమాట చాలు" అన్నాడు.

"దేనికి?"

"పదకొండింటికి ఆడిట్ సారు ఇస్కూలుకు వస్తున్నడు. నిరుడు మనం మొరం తోలిన లెక్క అడుగుతడు. యాభై రెండు దినాల కిరాయి ముట్టిందా అంటడు. ముట్టిందనాలె. బస్, గంతే."

"నేను తోలింది ఇరవై నాలుగు దినాలే గద బావా. అండ్ల ఒక్క పైస గూడ రాలే."

ఆయన కొట్టం గుంజను పట్టుకుని వీధి వైపు చూశాడు. ఆ మాట ఆయనకు తెలియక కాదు. నిరుడు, అంటే ఎనభై ఒకటి మొదట్లో, కరువు పని కింద మా ఊరి నుంచి చిరాగ్‌పల్లి దగ్గర పెద్దరోడ్డు దాకా సర్కారు బాట వేయించింది. మావి పదకొండు బండ్లు మొరం తోలాయి. నా బండి నేనే తోలాను. గుత్త పట్టింది మల్లికార్జున్, మా కులంవాడే. పని మొదలు కాకముందే ఖాళీ కాగితాల మీద అందరి వేలిముద్రలు వేయించింది మా బావ. ఇంకో మూడు నెలలకు సమితి ఎలక్షన్లు వచ్చాయి, మల్లికార్జున్ నిలబడ్డాడు. నెల రోజులు తొమ్మిది జీపులు మా చుట్టుపక్కల ఊళ్ళ దుమ్ము లేపాయి. గెలిచాక సర్కారుకు చూపించిన ఖర్చు లెక్కలో ఒక్కటే జీపు రాశాడని టీకొట్టు దగ్గర చెప్పుకుని నవ్వారు. మా కిరాయి ఇంకా రాలేదు కాబట్టి నాకు నవ్వు రాలేదు.

"పైసలు యాడికి పోయినయో నీకు ఎరుకే" అన్నాడు బావ, గొంతు తగ్గించి. "జీపులకు పోయినయి. గెలిచినంక ఇస్తడనుకున్నం. ఇయ్యాల నువ్వు ముట్టిందంటే, నీ ఇరవై నాలుగు దినాల పైసలు రెండు నూర్ల ఎనభై ఎనిమిది అక్కడ్నే ఇస్తరు. ఇస్కూలు ఎనక సంచి పట్టుకొని మనిషి కూసుంటడు. మనోడు గిట్ల పడిపోతే మన ఊరికి కరెంటు తీగలు ఎవడు తెస్తడు చెప్పు?"

కరెంటు తీగల సంగతి నాకెందుకు? నాకు కావలసింది రెండువందల ఎనభై రూపాయలు, అదీ రేపటిలోగా. కరువులో ఎద్దులు బతకడానికి జహీరాబాద్‌లో మహాదేవప్ప కొట్టు నుంచి పల్లి చెక్క అరువు తెచ్చాను. శుక్రవారంలోగా కట్టకపోతే ఎర్రెద్దును తోలుకుపోతానని కాగితం రాయించుకున్నాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి, అదే నా ఖర్మ. ఒంటి ఎద్దుతో బండీ నడవదు, దుక్కీ సాగదు. పైగా ఎర్రెద్దు నా చేతుల్లో పుట్టింది. దాని తల్లి ఈతలో చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచాను.

"అంట తీయి" అన్నాను. నాకు సిగ్గేమీ వేయలేదు. దొంగ లెక్క రాసింది నేను కాదు, జీపెక్కి తిరిగిందీ నేను కాదు. నా కష్టం నాకొస్తే చాలనుకున్నాను.

స్కూలు వసారాలో బల్ల వేశారు. ఆడిట్ సారు ఫరీద్ సాబ్ సంగారెడ్డి నుంచి వచ్చాడు. బక్కపలచని మనిషి, దగ్గు. ముందర మా బాట పని లెక్కలు రాసిన ఎర్ర అట్ట పుస్తకం పెట్టుకున్నాడు. పక్క కుర్చీలో మల్లికార్జున్ తెల్లబట్టల్లో, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. విచారణ ఎవరి మీదో తెలియనివాడు చూస్తే ఆయనే సార్లకు సారు అనుకుంటాడు.

మొదట శరణప్పను పిలిచారు.

"బండి కిరాయి యాభై రెండు దినాలది ముట్టిందా?"

"ముట్టింది సార్."

సారు టిక్కు పెట్టాడు. శరణప్ప వసారా దిగి స్కూలు వెనక్కి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు నడుము దగ్గర పంచె కాస్త ఉబ్బెత్తుగా ఉంది. తర్వాత రేవణసిద్ధప్ప, అదే ప్రశ్న, అదే జవాబు. ఆ తర్వాత మా బావ. ఒక్కొక్కరికీ అర నిమిషం పట్టలేదు. ఫరీద్ సాబ్ ముఖం చూస్తే ఈ జవాబులు ఆయన నమ్ముతున్నట్టు లేదు, కానీ నమ్మకపోవడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. పది టిక్కులయ్యాయి. చివర్న నా పేరు.

నేను బల్ల ముందు నిలబడ్డాను. రెండువందల ఎనభై ఎనిమిది, అనుకున్నాను లోపల. ఎనిమిది రూపాయలు మిగులుతాయి కూడా.

"కిరాయి ముట్టిందా అమ్మా?"

"ముట్టింది సార్."

ఆయన కలం ఎత్తాడు, పెట్టబోయి ఆగాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బండి ఎవరు తోలిన్రు? నీ కొడుకా?"

"నాకు కొడుకులు లేరు. నేనే తోలిన."

"ఆడమనిషివి, యాభై రెండు దినాలు మొరం బండి తోలినవా?"

వెనకాల ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నేను తోలిన ఇరవై నాలుగు రోజులూ ఆ నవ్వినవాళ్ళకంటే రోజుకు రెండు బండ్ల మొరం ఎక్కువే దించాను. "అనుమానముంటే దినాలు చదువుండ్రి" అన్నాను. అనకుండా ఉండాల్సింది. నా నోరే నాకు శత్రువు.

"సదువుత" అన్నాడాయన. పుస్తకం తిప్పి నా పేరున్న పుట తీశాడు. "జనవరి అయిదు, సోమవారం. ఒక బండి, పన్నెండు రూపాయలు. జనవరి ఆరు, మంగళవారం..." అలా శనివారం దాకా చదివాడు. "జనవరి పదకొండు, ఆదివారం, సెలవు. జనవరి పన్నెండు, సోమవారం. ఒక బండి..."

వసారాలో గుసగుసలు ఆగిపోయాయి. స్కూలు వెనక సంచి మనిషి దగ్గడం కూడా వినిపించింది.

సోమవారం బసవన్న వారం. మా లింగాయతుల ఇళ్ళలో ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, పసుపు రాసి, కడుపునిండా మేపి కొట్టంలో కట్టేస్తారు. మా ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ సోమవారం బండి కట్టలేదు. ఆదివారం మాత్రం కట్టాం, మాకు ఆదివారమంటే అన్ని రోజుల్లాంటిదే. ఆ పుస్తకం రాసినవాడు బాట చూడలేదు, బండి చూడలేదు. జహీరాబాద్‌లో ఏ ఆఫీసు గదిలోనో కూర్చుని, తనకు ఆదివారం సెలవు కదా అని ఎద్దులకూ ఆదివారమే సెలవిచ్చాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. శరణప్ప నేల చూస్తున్నాడు. మొత్తం రోజులకు అవునన్నవాళ్ళందరూ తొమ్మిది సోమవారాలకూ అవునన్నారు. డబ్బు గురించి అబద్ధమాడటం వాళ్ళకు కష్టం కాలేదు. ఇది వేరు.

"ఏందమ్మా? సరిగనే ఉందా?" అన్నాడు ఫరీద్ సాబ్. ఆయనకేమీ అర్థం కాలేదు.

అర్థమైంది మల్లికార్జున్‌కు. ఆయనా మాలోవాడే కదా. కాలు మీద కాలు తీసేశాడు. "గుమాస్తా రాత పొరపాటు సార్" అన్నాడు, తేలిగ్గా నవ్వుతూ. "ఈడ సోమవారం బండ్లు కట్టరు, ఆదివారం కడ్తరు. ఆదివారాలు సోమవారాల కింద పడ్డయి. జర దిద్దుకోండ్రి. అంతేగద గిరిజక్కా?"

సారు కలం సిరాలో ముంచాడు. నా వైపు చూశాడు.

తలుపు తీసిపెట్టాడు మల్లికార్జున్. ఇప్పుడు నేను అవునంటే ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. సోమవారం కాడి కట్టానన్న మాట పడదు, డబ్బు చేతికొస్తుంది, ఎర్రెద్దు కొట్టంలో ఉంటుంది. ఒక్క ముక్క చాలు. మా బావ నన్నే చూస్తూ తల పైకీ కిందికీ ఆడిస్తున్నాడు, చిన్నపిల్లకు పాఠం అందించినట్టు.

ఆ తల చూస్తే నాకు కోపం వచ్చింది. మూడేళ్ళుగా నా వేలు పట్టుకుని ఎక్కడ నొక్కితే అక్కడ నొక్కాడు. ఆ వేలితో ఏం రాశారో ఈ రోజు దాకా ఎవరూ నాకు చదివి వినిపించలేదు. నా పేరు మీద, నా ఎద్దుల పేరు మీద ఒక పుస్తకం ఉందని, అందులో మేము చేయని పని చేశామని నాకిప్పుడు తెలిసింది. భయం కూడా వేసింది. ఎర్రెద్దు కళ్ళు గుర్తొచ్చాయి.

"దిద్దొద్దు సార్" అన్నాను.

"ఏం?"

"అది పొరపాటు కాదు. ఆ పుస్తకం రాసినోడు మా ఊరికే రాలే. నేను తోలింది ఇరవై నాలుగు దినాలు. నాకు ఒక్క పైస ముట్టలే. ముట్టిందంటే ఇరవై నాలుగు దినాల పైసలిస్తమని పొద్దుగాల చెప్పిన్రు. అందుకే ముట్టిందన్న."

మల్లికార్జున్ లేచి నిలబడ్డాడు. "ఎవరు చెప్పిన్రు?"

నేను మా బావ పేరు చెప్పలేదు. ఇప్పటికీ ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. "సార్, ఆ పుస్తకం మొత్తం చదువుండ్రి" అన్నాను. "మా పేరు మీద ఏమేం రాసిన్రో మేం గూడ వినాలె."

ఫరీద్ సాబ్ కలం పక్కన పెట్టాడు. తర్వాత మొదటి పుట తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మల్లికార్జున్ అడ్డం రాబోతే చెయ్యెత్తి ఆపాడు. కూలీల నీడకు పందిళ్ళు నాలుగు, చదివాడు. పందిరా, అంది వెనక నుంచి మణెమ్మ, మండుటెండలో నెల రోజులు తట్టలు మోసిన మనిషి. మంచినీళ్ళ డ్రమ్ములు ఆరు. కల్వర్టుకు సిమెంటు పైపులు ఎనిమిది. మా బాట మీద కల్వర్టే లేదు, వానొస్తే మోకాలి లోతు నీళ్ళు దాటుతాం. ఒక్కో వస్తువుకూ జనం కొద్దికొద్దిగా బల్ల దగ్గరికి జరిగారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ పైపులు జీపుల్లో పెట్రోలయ్యాయని అందరికీ తెలిసిపోయింది.

చదవడం అయ్యాక సారు మళ్ళీ ఒక్కొక్కరినీ అడిగాడు. శరణప్ప ఆదివారాలే తోలామన్నాడు, రాత పొరపాటే అన్నాడు. నడుము దగ్గరి డబ్బు తడుముకుంటూనే అన్నాడు. రేవణసిద్ధప్ప కూడా అంతే. మా బావ వంతు వచ్చింది. సోమవారాలు, అమావాస్యలు, పండగ తిథులు ఊరందరికీ చెప్పేది ఆయనే.

"నాకు యాదికి లేదు సార్" అన్నాడు మా బావ.

పదిమందిలో ఒక్కరూ నా పక్కకు రాలేదు. ఫరీద్ సాబ్ నా మాటలు రాసుకుని, మళ్ళీ నాకే చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర అడిగాడు. "ఒక్కరు చాలమ్మా, ఫైలు మూసెయ్యకుండ ఆపనీకి" అన్నాడు మెల్లగా. "నీ పైసలు మాత్రం ఎన్నడొస్తయో నేను చెప్పలేను."

సంచి మనిషి జీపెక్కి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం మహాదేవప్ప మనిషి వచ్చాడు. పలుపు నేనే విప్పి ఇచ్చాను. ఎర్రెద్దు వీధి మలుపు దాకా వెళ్ళి ఆగి వెనక్కి చూసింది, వాడు ముల్లుగర్రతో పొడిచాడు. ఆ రోజు ఏడ్చాను, ఎవరు చూసినా లెక్కచేయకుండా ఏడ్చాను. మా బావ ఇంటి వైపు తిరిగి తిట్టాను కూడా.

రెండు నెలలకు పెద్ద విచారణ పెట్టి నన్ను జహీరాబాద్ రమ్మన్నారు. ముందు రోజు మా బావ మళ్ళీ వచ్చాడు. ఈసారి గడప దాటలేదు. మాట మార్చుకుంటే మల్లికార్జున్ రెండు ఎద్దులు కొనిపెడతానన్నాడట, ఎర్రెద్దునే కావాలంటే అదే తెచ్చిస్తాడట. "ఇంకోపారి సోంచాయించు గిరిజా" అన్నాడు. ఆ రాత్రంతా ఆలోచించానని ఒప్పుకుంటాను.

తెల్లారి బస్సెక్కాను. చిరాగ్‌పల్లి దాటాక లారీలు ఆగిపోయి బస్సు నిలబడింది. కిటికీలోంచి చూస్తే పక్కనే ఇటుకల బండి. కాడి కింద ఎర్రెద్దు. మెడ మీద తోలు లేచిపోయి ఈగలు ముసురుతున్నాయి. కిటికీలోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గర. పిలవబోయి ఆగాను. అది సోమవారం.

బస్సు కదిలింది. జహీరాబాద్‌లో దిగి ఆఫీసుకు నడిచాను. కుర్చీలో కొత్త అధికారి ఉన్నాడు, పక్కన మల్లికార్జున్, అవతల మా బావ. అధికారి కాగితం చూసి అడిగాడు: "యాభై రెండు రోజుల బండి కిరాయి నీకు ముట్టిందా?"

"ముట్టలేదు సార్" అన్నాను. "రాసుకోండ్రి. రాసింది నాకు చదివి వినిపించుండ్రి."